ఇంటి డ్రమ్ములో ఇంతకుముందు ఏముంది?

ఎండలు ముదిరాయంటే అనంతపురం, ప్రకాశం జిల్లాల పల్లెల్లో బోర్లు అడుగంటుతాయి. ట్యాంకరు వచ్చినప్పుడే నీళ్లు. నాలుగు బిందెలు ఏ మూలకూ చాలవు కాబట్టి ఇంటికో డ్రమ్ము తప్పదు. అయితే రైతు సోదరులారా! ఆ డ్రమ్ములో ఇంతకుముందు ఏముందో ఎప్పుడైనా అడిగారా?

ఏది కొనాలి?
పాత సామాన్ల కొట్లో చౌకగా వచ్చిందని ఏదో ఒకటి తెచ్చుకోకండి. పురుగుమందు పోసిన ప్లాస్టిక్ ఆ మందును పీల్చుకుంటుంది. సబ్బుతో కడిగినా పూర్తిగా పోదు. వాసన రావడం లేదు కదా అని నమ్మొద్దు. డబ్బా మీద ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ రంగుల్లో ఏ త్రికోణం గుర్తున్నా అది మందు డబ్బాయే. ఆకుపచ్చ ఉంటే మంచిదనుకోవడం పొరపాటు. పశువుల కుడితికి కూడా పనికిరాదు. కొత్త డ్రమ్ము గానీ, వంటనూనె వంటి తినే సరుకు వచ్చిన డ్రమ్ము గానీ తీసుకోండి.

ఎంత సరిపోతుంది?
తాగడానికి, వంటకు మనిషికి రోజుకు 5 లీటర్లు అనుకుంటే అయిదుగురికి 25 లీటర్లు. 200 లీటర్ల డ్రమ్ము 8 రోజులు వస్తుంది. నిండితే నీళ్ల బరువే 200 కిలోలు. అందుకని నీడలో, గట్టి బండల మీద కదలకుండా నిలపండి. అడుగున కుళాయి బిగిస్తే చెంబు ముంచే పని ఉండదు, నీళ్లు చెడవు.

శుద్ధి ఎలా?
మట్టి నీళ్లయితే తేటపడనిచ్చి, గుడ్డతో వడకట్టండి. తర్వాత క్లోరిన్ బిళ్లలు వేయండి. ప్యాకెట్టు మీద 20 లీటర్లకు ఒకటి అని ఉంటే 200 లీటర్లకు 10 బిళ్లలు. బాగా కలిపి గంట ఆగి తాగండి. అయితే ఫ్లోరైడ్ మాత్రం బిళ్లలతో పోదు, కాచినా పోదు.

దోమతో జాగ్రత్త
డెంగీ దోమ పగలు కుడుతుంది, మంచినీళ్లలోనే పెరుగుతుంది. దాని గుడ్లు డ్రమ్ము లోపలి గోడకు అంటుకుని, నీళ్లు లేకున్నా నెలల తరబడి బతుకుతాయి. మళ్లీ నీళ్లు పోయగానే పురుగులవుతాయి. ఊరికే తొలిస్తే చాలదు. వారానికోసారి పీచుతో గోడలు రుద్ది కడిగి ఎండబెట్టండి. కడిగిన నీళ్లు పాదులకు పోయండి. మూత కింద పలచటి గుడ్డ కట్టండి. పసిపిల్లలున్న ఇంట్లో మూత బిగించడం మరవొద్దు.

ఇవాళే మీ డ్రమ్మును ఒక్కసారి చుట్టూ తిప్పి చూడండి. మందు గుర్తు కనిపిస్తే రేపటి దాకా ఆగకండి. చిల్లులు పొడిచి, ఇంకెవరూ నీళ్లకు వాడకుండా చేయండి.