గాలిని కొలుచు విద్య

డెన్మార్కు ఐరోపా ఖండమున ఉత్తరభాగమునందున్న చిన్న దేశము. అందు ఎత్తైన పర్వతములు లేవు. విద్యుత్తునకు పనికివచ్చు పెద్ద జలపాతములును లేవు. ఉన్నది సముద్రము, దానిమీదుగా వీచు గాలి. ఆ గాలినుండి విద్యుత్తును పుట్టించు శాస్త్రమును అభ్యసింపగోరి, దూరదేశముల పట్టభద్రులు నేడు అచ్చటికి పోవుచున్నారు. వారిలో భారతీయులును కలరు.

ఆ విద్య అచ్చట ఒక పల్లెటూరి పాఠశాలలో మొదలయ్యెను. 1891వ సంవత్సరమున ఆస్కోవ్ గ్రామమునందు పాల్ లా కూర్ అను ఉపాధ్యాయుడు గాలిమరను నిర్మించి విద్యుత్తును పుట్టించెను. మరి గాలి వీవనినాడు దీపములు వెలుగుట యెట్లు? ఆయన ఆ విద్యుత్తుచే నీటిని విడదీసి, ఉదజని వాయువును నిలువచేసి, దానితో పాఠశాల దీపములను వెలిగించెను. ఆ వాయువులో కొంచెము ప్రాణవాయువు కలిసినప్పుడు ప్రేలుడు కలిగి కిటికీ అద్దములు పగిలెడివి. అయినను ఆయన వెనుదీయలేదు. పెక్కు రెక్కలతో మెల్లగా తిరుగు మరకంటె, కొద్ది రెక్కలతో వేగముగా తిరుగు మరయే విద్యుత్తునకు అనుకూలమని పరీక్షించి తేల్చెను. గ్రామీణ యువకులకు ఆ పని నేర్పెను.

1904లో ఆయనకడ చదివినవారిలో యోహాన్నెస్ యూల్ ఒకడు. అర్ధశతాబ్ది గడచిన పిమ్మట, 1957లో, ఈ శిష్యుడు గెడ్సర్ అనుచోట 200 కిలోవాట్ల మూడు రెక్కల గాలిమరను నిలిపెను. అది పదేండ్లు పనిచేసి ఆగిపోయెను. చమురు చౌకగా దొరకు దినములలో గాలిని తలచువారెవ్వరు? 1973లో చమురు ధర ఒక్కసారిగా పెరుగగా, తన ఇంధనములో పదింట తొమ్మిది పాళ్లు దిగుమతి చమురుగానే వాడుకొనుచుండిన ఆ దేశము ఉలికిపడెను. మూలబడిన గెడ్సర్ మరను మరల తిప్పి కొలతలు తీసికొనిరి. 1978లో రీసో అనుచోట గాలిమరల పరీక్షాకేంద్రము వెలసెను. 1829లో స్థాపితమైన డెన్మార్కు సాంకేతిక విశ్వవిద్యాలయములో అది 2007లో చేరినది. 2019 నాటికి ఆ దేశమున వాడు విద్యుత్తులో దాదాపు సగము గాలినుండియే లభించెను.

ఇచ్చట పట్టభద్రుడైన విద్యార్థి రెండేండ్లు చదువవలెను. బోధన ఆంగ్లమున జరుగును. ఐరోపా కూటమికి వెలుపలి దేశస్థులు 2006 నుండి రుసుము చెల్లింపవలసియున్నది. విద్యార్థివేతనము కొందరికే లభించును. తక్కినవారి తలిదండ్రులు తరచుగా అప్పుచేసి పంపుదురు. డిసెంబరు మాసమున అచ్చట పగలు ఏడు గంటలే. ఆ చీకటిలో, ఆ చలిలో, ఇంటిని తలచుకొనుచు పుస్తకము తెరచుట సులభము కాదు. గురువును పేరుపెట్టి పిలుచుట అచ్చటి ఆచారము; మన పిల్లలకు మొదట నోరు రాదు. అనేక పరీక్షలు నోటితోనే జరుగును. సూత్రమును వల్లించిన చాలదు. ఆ సూత్రము ఎచ్చట చెల్లదో చెప్పుమని గురువు అడుగును.

ఈ ప్రశ్నయే ఆ చదువునకు ప్రాణము. గాలివేగము రెట్టింపైనచో అందలి శక్తి ఎనిమిది రెట్లగును. కావున వేగమును కొలుచుటలో చిన్న పొరపాటు పెద్ద నష్టమునకు దారితీయును. ఒకచోట సెకనుకు 6 మీటర్ల వేగముతో గాలి వీచునని నమ్మి మరలు నాటిరనుకొనుడు. నిజముగా వీచునది 5 మీటర్లే అయినచో, ఆశించిన శక్తిలో నూటికి 58 పాళ్లు మాత్రమే ఆ గాలిలో నుండును. నాటిన మరను పెరికి మరియొకచోట పెట్టుట సాధ్యమా? పైగా, ఎంత నేర్పుతో చేసిన మరయైనను గాలిలోని శక్తినంతయు గ్రహింపజాలదు. నూటికి 59 పాళ్లకు మించి పట్టుట అసాధ్యమని జర్మనీ శాస్త్రజ్ఞుడు ఆల్బర్ట్ బెట్జ్ 1920లో నిరూపించెను.

చదువు ముగించి స్వదేశమునకు వచ్చువాడు అచ్చటి అంకెలను తెచ్చి ఇచ్చట వాడరాదు. డెన్మార్కున గాలి చలికాలమున బలముగా వీచును. మన దేశమున నైరృతి ఋతుపవనముల కాలమున, జూన్ నుండి సెప్టెంబరు వరకు, ఉద్ధృతముగా వీచి పిమ్మట తగ్గును. అచ్చటి నేల చదునైనది. రాయలసీమలో 1990 దశకముననే మరలు వెలసిన రామగిరి వంటి తావులు కొండప్రదేశములు. నిట్టనిలువు వాలుపై గాలి సుడులు తిరుగును. చదునునేలకు సరిపోవు లెక్క అచ్చట తప్పును. అందుచేత మర నాటుటకు ముందు, ఎత్తైన స్తంభమునకు గాలివేగమాపకములను కట్టి, కనీసము ఒక సంవత్సరము వేగమును, దిక్కును నమోదు చేయుదురు. ఋతువులన్నియు ఒకసారి తిరిగివచ్చువరకు ఆ స్తంభము కొండపై అట్లే నిలిచియుండును.