చేతులు మారు చొక్కా

పన్నెండవ యేట స్కౌటు దళమున చేరినపుడు కుట్టించిన చొక్కా పదునాలుగవ యేట ఆ బాలునికి పట్టదు. భుజములు బిగియును, గుండీల నడుమ బట్ట లాగుకొనిపోవును, మణికట్లు చేతుల అంచులను దాటి వెలుపలికి వచ్చును. బట్ట మాత్రము చెడలేదు. వారమునకొక దినము కవాతునకును, ఏటికి కొన్ని దినములు శిబిరములకును తొడిగినదే కాని, అది నిత్యము కట్టిన వస్త్రము కాదు. తల్లి దానిని ఉతికి, మడిచి, ట్రంకుపెట్టె అడుగున దాచును. అదే వీధిలో మరియొక బాలుడు దళమున చేరవలెనని కోరికయున్నను, ఆ దుస్తులు కొనుటకు ఇంట డబ్బు లేదని యెరిగి, ఆటస్థలపు గోడ యవతల నిలిచి కవాతు చూచుచుండును. పెట్టెలోని చొక్కాకును గోడ యవతలి బాలునికిని నడుమ దూరము నాలుగిండ్లే. పాత యూనిఫారముల మార్పిడి యనునది ఆ నాలుగిండ్ల దూరమును దాటించుటకు ఏర్పడిన పద్ధతి.

బాలభటోద్యమమున యూనిఫారము అలంకారమునకై పుట్టినది కాదు. 1907 ఆగస్టు మాసమున బేడెన్ పవెల్ ఇంగ్లండు దక్షిణ తీరమునకు చేరువనున్న బ్రౌన్‌సీ దీవిలో మొదటి శిబిరము నడిపెను. అందు చేరిన సుమారు 20 మంది బాలురలో కొందరు సంపన్నుల బిడ్డలు, పేరుగల పాఠశాలలలో చదువుచున్నవారు. కొందరు పూల్, బోర్న్‌మౌత్ పట్టణములలోని శ్రామిక కుటుంబములవారు. ఆనాటి ఇంగ్లండులో ఈ రెండు తెగల పిల్లలు ఒకే గుడారమున పరుండుట వింతయే. వారినందరిని ఒక్క తీరుగా చూపినవి మూడు చిన్న వస్తువులు: మెడకు ఒక ఖాకీ రుమాలు, ఒక ఇత్తడి బిళ్ళ, భుజమున రంగు ఉన్నికుచ్చు. ఎద్దుల జట్టుకు ఆకుపచ్చ, తోడేళ్ళ జట్టుకు నీలము, కాకుల జట్టుకు ఎరుపు, కర్లూ అను నీటిపక్షి పేరిటి జట్టుకు పసుపు కుచ్చులు. కుచ్చు చూచినవానికి జట్టు తెలియును. తండ్రి సంపద తెలియదు. ఆరంభమున యూనిఫారము ఇంత చౌకయైనది! కాలక్రమమున దానికి చొక్కా, నిక్కరు, టోపీ, బెల్టు, మేజోళ్ళు, బూట్లు జతపడెను. భేదమును కప్పుటకు వచ్చిన దుస్తులు, కొనలేనివానిని వేరుచేసి చూపు దుస్తులైనవి.

మన దేశమున ఈ ఉద్యమము 1909లో బెంగుళూరున మొదలైనపుడు ఐరోపావారి బిడ్డలకును ఆంగ్లో ఇండియను బిడ్డలకును తప్ప ప్రవేశము లేకుండెను. భారతీయ బాలురను చేర్చుకొనని ఆ తలుపు మూసియుండగా, 1916లో అనీబిసెంటు, అరండేలు మద్రాసున వేరుగ ఒక స్కౌటు సంఘమును స్థాపించిరి. ఉత్తరదేశమున మదనమోహన మాలవీయుడు, హృదయనాథ కుంజ్రూ మొదలగువారు సేవాసమితి పక్షమున మరియొక సంఘమును నెలకొల్పిరి. ఇట్టి శాఖలు పెక్కు చేరి 1950 నవంబరు 7న భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అను ఒక్క సంస్థ యయ్యెను. నేడు పుట్టుకను బట్టి ఎవనినిని గడప కవతల నిలుపు నియమము లేదు. మిగిలిన అడ్డు బట్ట మాత్రమే. అది చిన్న అడ్డని పెద్దలకు తోచవచ్చును. పదకొండేండ్ల పిల్లవానికి అది చిన్నది కాదు.

ఇచ్చుటకును మార్చుకొనుటకును గల తేడాను ఇంగ్లండు తల్లులు యుద్ధకాలమున బాగుగ గ్రహించిరి. 1941 జూన్ 1న అచ్చట బట్టలకు రేషను విధింపబడెను. మొదటి యేట ఒక్కొక్కరికి 66 కూపనులు ఇచ్చిరి. చేత డబ్బున్నను కూపను లేనిదే కొత్త బట్ట కొనరాదు. రేషను కొరకు పిల్లల పెరుగుదల ఆగదు గదా! అపుడు మహిళా స్వచ్ఛంద సేవాదళమువారు పిల్లల దుస్తుల మార్పిడి కేంద్రములను తెరచిరి. తల్లి తన బిడ్డకు పొట్టియైన దుస్తులను తెచ్చి యిచ్చిన, వాని స్థితిని బట్టి కొన్ని పాయింట్లు లెక్కకట్టుదురు. ఆ పాయింట్లకు సరిపడు పెద్ద దుస్తులను ఆమె యెంచుకొని పోవును. రేషను 1949 వరకు సాగినది. ఆ కేంద్రములకు వచ్చిన తల్లి యాచించుటకు రాలేదు. తన వస్తువు నిచ్చి మరియొక వస్తువు తీసికొనుటకు వచ్చినది. పాయింట్ల లెక్కలోని విలువ అంతయు ఇదియే.

ఒక పాఠశాలలోని స్కౌటు దళము ఇట్టి మార్పిడిని పెట్టదలచినచో, కావలసిన సామగ్రి స్వల్పము: ఒక బీరువా, ఒక కొలత టేపు, సూదిదారములు, ఒక లెక్కపుస్తకము. వేసవి సెలవులకు ముందు దుస్తులు సేకరించి, జూనులో బడి తెరచినపుడు పంచుట అనుకూలము. నడుమనున్న నెలలు మరమ్మతునకు చాలును. చొక్కాకు 6, నిక్కరునకు 4, బెల్టునకు 3, టోపీకి 2 అని దళమువారే కూర్చుండి పాయింట్లు నిర్ణయించుకొనవచ్చును. అంకెలు ఎవ్వియైనను దోషము లేదు గాని, అందరికి ఒక్క తీరుగ ఉండవలెను.

తెచ్చిన దుస్తులను తీసికొనునపుడు వెలుతురునకు ఎత్తిపట్టి చూడవలెను. పలుచబడిన చోటు వెలుతురున బయటపడును. కాలరు మడత అరిగియున్న, నేర్పుగల దర్జీ దానిని విప్పి, తిరుగవేసి కుట్టును. అరుగని ప్రక్క పైకి వచ్చును. మోచేతి చిరుగునకు అదే రంగు బట్టతో మాసిక వేయవలెను. నిక్కరు అడుగుమడత విప్పిన రెండు మూడు సెంటీమీటర్ల పొడవు దొరకును. లేబులుపైని సైజు అంకెను నమ్మరాదు. నూలుబట్ట ఉతుకగా కొంత కుదియును. ఒక దర్జీ అంకె మరియొక దర్జీకి చెల్లదు. ఛాతీ, నడుము, పొడవు మూడును టేపుతో కొలిచి, ఆ కొలతలను చీటిపై వ్రాసి చొక్కాకు కుట్టుట మేలు. దాచుటకు ముందు గంజి పెట్టరాదు. గంజిని తినుటకై వెండిరంగు పురుగులు చేరి, గంజితోపాటు బట్టనుగూడ కొరుకును. తడి యారకుండ మడిచిన వానకాలమున బూజు పట్టును. ఎండలో ఆరబెట్టి, ఎండిన వేపాకు గుడ్డసంచిలో కట్టి బీరువాలో నుంచుట మన ఇండ్లలో తెలిసిన పద్ధతియే.

చొక్కాను ఇచ్చుటకు ముందు చేయవలసిన పని మరియొకటి కలదు. అది బ్యాడ్జీలను విప్పుట. ప్రథమచికిత్సకో, వంటకో, ఈతకో ఇచ్చిన బ్యాడ్జీ, ఆ పరీక్షలో నెగ్గిన బాలునిది. చొక్కాతోపాటు చేతులు మారునది కాదు. ఈత రానివాని చేతిపై ఈత బ్యాడ్జీ యున్న, ఏటి యొడ్డున అది అపాయమే. కుట్టును కత్తితో లాగక, సన్నని కత్తెరతో ఒక్కొక్క పోగు తెంచి విప్పి, బ్యాడ్జీలను మొదటి యజమానికి తిరిగి యీయవలెను. విప్పిన చోట బట్ట కొంచెము ముదురు రంగున మిగిలిపోవును. చుట్టును ఎండకు వెలిసినది గదా. ఆ మచ్చ రెండు మూడు ఉతుకులకు పోదు. కొత్తగా తొడిగిన బాలుడు దానిపై తన బ్యాడ్జీని తానే సంపాదించి కప్పుకొనవలసియుండును. కాలరు లోపల సిరాతో వ్రాసిన పేరును మాత్రము ఉంచనే రాదు. “ఇది ఫలానావాని చొక్కా” అని జట్టులో ఒక్కడు పైకి చదివిన చాలును, మరునాటి నుండి ఆ పిల్లవాడు రాడు. పేరున్న పట్టీని విప్పి, అంకె వేసిన పట్టీని కుట్టవలెను. ఆ అంకె ఎవరిదో లెక్కపుస్తకము నడుపు ఉపాధ్యాయునికి మాత్రము తెలియును.

పలువురు తొందరపడి తప్పు చేయు తావు ఇదియే. బీదపిల్లలను పేరుపేరున పిలిచి, సభలో నిలిపి, దుస్తులు పంచుదురు. ఇచ్చినవారికి చప్పట్లు, పుచ్చుకొన్నవానికి తలవంపు. మార్పిడి అట్లు నడువరాదు. కలవారి పిల్లవాడును లేనివారి పిల్లవాడును ఒకే దినమున, ఒకే వరుసలో, ఒకే బీరువా ముందు నిలువవలెను. కొత్త చొక్కా కొనగలవాడు సైతము పాత చొక్కాను తీసికొనుట మొదలిడిననాడు పాత చొక్కాకు సిగ్గు పోవును. ఇక మొదటిసారి వచ్చువాని మాట. వానికి మార్చుకొనుటకు ఏమియు లేదు. వానికి పాయింట్లను అప్పుగా వ్రాయవలెను. రెండేండ్లకు ఆ చొక్కా వానికి పొట్టియగును. దానిని ఉతికి తెచ్చి యిచ్చిననాడు అప్పు తీరును. అప్పు పడినవాడు తలయెత్తి నడువగలడు.

ఈ యేర్పాటులో ఒక చిక్కు తప్పక వచ్చును. రెండేండ్లు గడచుసరికి బీరువా నిండ చిన్న చొక్కాలే యుండును, పెద్దవి దొరకవు. బాలురు పదమూడు, పదునాలుగేండ్ల ప్రాయమున ఒక్క యేట 8, 9 సెంటీమీటర్లు పెరుగుట కలదు. బాలికలలో ఈ పెరుగుదల రమారమి రెండేండ్లు ముందుగనే వచ్చును. అందుచే చిన్న కొలతలు అరుగకమునుపే విడిచిపెట్టబడును. పెద్ద కొలతలు చిరుగువరకు ఒంటిపైననే యుండును. దీనికి రెండు ఉపాయములు కలవు. పాఠశాల విడిచిపోవు పెద్ద స్కౌట్లను వీడ్కోలునాడే అడిగి వారి దుస్తులను తీసికొనుట ఒకటి. దళమునకు చందా వచ్చినచో దానితో పెద్ద కొలతలనే కుట్టించుట రెండవది. పొరుగు పాఠశాల దళముతో చొక్కాలు మార్చుకొనవచ్చును గాని, మెడరుమాలు మార్చుకొనుటకు వీలుపడదు; దాని రంగు దళమునకొక్కటి.

మూడు నాలుగు చేతులు మారినపిదప ఏ చొక్కాకైనను కాలము తీరును. భుజము పలుచబడి మాసిక నిలువదు. అపుడు దానికి ముందుగ గుండీలు కోసి డబ్బాలో వేయుదురు. వీపుభాగమున గట్టి బట్ట మిగులును. దానిని చతురస్రములుగ కత్తిరించి, మరియొక చొక్కా మోచేతికి మాసికగా దాచుదురు. మిగిలిన పీలికలు ప్రథమచికిత్స నేర్చుకొను చిన్నవారికి కట్లు కట్టుటకు పనికివచ్చును. లెక్కపుస్తకమున ఆ అంకె కెదురుగ ఒక గీత గీసి, ఆ అంకెను మరి యే చొక్కాకును ఇయ్యరు.