బాప్తిస్మం ఎప్పుడు? పసితనంలోనా, పెద్దయ్యాకా?

మన హాస్టల్లో ఆదివారం టిఫిన్ అయ్యాక పిల్లలు తలా ఒక దారి పడతారు. కొందరు సీఎస్ఐ గుడికి, కొందరు కతోలిక దేవాలయానికి, ఇంకొందరు పెంతెకొస్తు మందిరానికి. మధ్యాహ్నం అన్నాల దగ్గర కలిశాక వాదన మొదలు. "పసిపిల్లవాడి నెత్తిన చల్లిన నీళ్లు బాప్తిస్మం ఎట్లా అవుతుంది?" అని ఒకరు. "మా తాత, మా నాయన అట్లనే తీసుకున్నరు, వాళ్లు క్రైస్తవులు కారా?" అని ఇంకొకరు. మేము ఇక్కడ ఉన్న రోజుల్లోనూ ఇదే వాదన. అందుకే ఈ సంచికలో దీని గురించి నాలుగు మాటలు రాద్దామనుకున్నాం.

బాప్తిస్మం గ్రీకు నుంచి వచ్చిన మాట. ముంచడం అని అర్థం. కతోలికులు జ్ఞానస్నానం అంటారు. బైబిల్లో రెండు పక్షాలకూ ఆధారం దొరుకుతుంది. అపొస్తలుల కార్యములు 8వ అధ్యాయంలో ఐతియొపీయ దేశపు అధికారి ఒకడు ఫిలిప్పు బోధ విని, దారిలో నీళ్లు కనబడగానే రథం దిగి బాప్తిస్మం పొందుతాడు. వినడం ముందు, నీళ్లు తర్వాత. అదే గ్రంథం 16వ అధ్యాయంలో ఫిలిప్పీ చెరసాల నాయకుడు ఇంటిల్లిపాదితో కలిసి పొందుతాడు. ఆ ఇంట్లో చంటిబిడ్డలున్నారో లేదో అక్కడ రాయలేదు. వాదనంతా ఆ రాయని చోటే పుట్టింది. నీళ్ల విషయంలో మాత్రం తొలినాళ్లలో ఇంత పట్టింపు లేదు. డిడాకే అనే ప్రాచీన క్రైస్తవ గ్రంథం పారే నీళ్లు మేలంటుంది, అవి లేకుంటే వేరే నీళ్లు, అవీ లేకుంటే తలమీద మూడుసార్లు పోస్తే చాలంటుంది. ఎండాకాలంలో మన వాగులు చూసినవాళ్లకు ఈ మాట విడమరిచి చెప్పనక్కర్లేదు.

కతోలికులు, సీఎస్ఐ, లూథరన్ సంఘాలు పసిబిడ్డలకు బాప్తిస్మం ఇస్తాయి. దేవుని కృప బిడ్డకు తెలివి వచ్చేదాకా ఆగదని వారి వాదం. తల్లిదండ్రులు, జ్ఞానతల్లిదండ్రులు బిడ్డ తరఫున మాట ఇస్తారు. పెరిగాక ఆ మాటను బిడ్డ తానే సంఘం ముందు ఒప్పుకోవాలి. సీఎస్ఐలో దీన్ని కన్ఫర్మేషన్ అంటారు. బాప్టిస్టులు, పెంతెకొస్తులు, బ్రదరెన్ వారు తన నోటితో విశ్వాసం ఒప్పుకున్నవారికే, పూర్తిగా ముంచి ఇస్తారు. చంటిబిడ్డను ప్రార్థన చేసి దేవునికి ప్రతిష్ఠిస్తారు, అంతే. చిన్నప్పుడు చల్లించుకున్నవాడు పెద్దయ్యాక మునిగితేనే చిక్కు. సీఎస్ఐ లెక్కలో అది రెండోసారి, చేయకూడనిది. బాప్టిస్టు లెక్కలో అదే మొదటిది. అత్తది ఒక గుడి, కోడలిది ఒక మందిరం అయిన ఇళ్లలో ఈ లెక్క దగ్గర మాటలు బందైన సంగతి మనకు కొత్త కాదు.

మన ప్రాంతానికి ఈ రెండు పద్ధతులూ వేర్వేరు దారుల్లో వచ్చాయి. గోదావరిలో పడవలు నడిపే పనుల కోసం దుమ్ముగూడెం వచ్చిన ఇంజనీరు కెప్టెన్ హేగ్ 1860 ప్రాంతంలో కోయల మధ్య మిషన్ పనికి మొదలు పెట్టించారు. అది ఆంగ్లికన్ మిషన్ కాబట్టి పసిపిల్లల బాప్తిస్మం దాంతోనే వచ్చింది. 1912 డిసెంబరు 29న వి.ఎస్. అజరయ్య గారు దోర్నకల్ బిషప్పు అయ్యాక మాల, మాదిగ పల్లెలు కుటుంబాలకు కుటుంబాలే చేరాయి. ఆ మిషన్లు 1947లో సీఎస్ఐలో కలిశాయి.

ముంచే పద్ధతికి తెలుగునాట పెద్ద గుర్తు ఒంగోలు. 1876–78 కరువులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ గారు బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవారికి పని ఇచ్చారు. ఆ పని నడిచినన్నాళ్లూ బాప్తిస్మం అడిగినవారికి ఇవ్వలేదు. కూలి కోసం, గింజల కోసం వచ్చారనే మాట పడకూడదని. కరువు తీరాక కూడా జనం వచ్చారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది మునిగారు. వారిలో ఎక్కువమంది మాదిగలు.

ఇంతవరకూ గుడి సంగతి. మనలాంటి వాళ్లకు ఇంకో రిజిస్టరు ఉంది. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు 3వ పేరా ప్రకారం హిందువులే షెడ్యూల్డ్ కులాలవారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను చేర్చలేదు. మతం మారిన ఎస్సీలు, వారి సంతానం మన రాష్ట్రంలో బీసీ-సీ కిందకు వస్తారు. ఎస్సీలకు 15 శాతం, బీసీ-సీకి 1 శాతం. ఎస్టీలకు ఈ మతం షరతు లేదు. మతం మారినంత మాత్రాన తెగ సభ్యత్వం పోదనీ, తెగ ఆచారాలతో సంబంధం ఉందా లేదా అన్నది చూడాలనీ 2004లో సుప్రీంకోర్టు చెప్పింది. అంటే ఒకే గదిలో పడుకునే కోయ తమ్ముడూ మాదిగ తమ్ముడూ ఒకే వాగులో మునిగినా, కాగితాల మీద వారి దారులు వేరవుతాయి.

పసిపిల్లల సంగతి ఇంకా చిక్కు. పుదుచ్చేరిలో ఒక యువతి గుమాస్తా ఉద్యోగం కోసం ఎస్సీ పత్రం అడిగారు. పుట్టిన మూడు నెలల లోపే, 1991 జనవరిలో, ఆమెకు జ్ఞానస్నానం జరిగినట్టు చర్చి రిజిస్టరులో ఉంది. అది తాను కోరి తీసుకున్నది కాదని ఆమె వాదన. పెద్దయ్యాక కూడా చర్చికి వెళ్తున్నారనీ, తిరిగి హిందువు అయినట్టు ఆధారం లేదనీ చెప్పి 2024 నవంబరు 26న సుప్రీంకోర్టు ఆమె అప్పీలు కొట్టేసింది. తీర్పు తీర్పే. కానీ మా మనసుకు మాత్రం సమాధానం కాలేదు. నీళ్లలో మునిగితే పాపం పోతుందేమో గానీ మాదిగపల్లె చిరునామా పోదు గదా! గుడిలోనూ బల్లలు వేరైన రోజులు పెద్దలు చెబుతారు. ఈ ప్రశ్న పరిశీలించడానికే కేంద్రం 2022 అక్టోబరులో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేసింది.

మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్లం మేమే. ఇలాంటివి అడగడానికి ముందు నడిచినవాళ్లు లేరు. చాలామందికి ఇంట్లో ఒక పేరు, గుడిలో ఒక పేరు, బడిలో ఇంకో పేరు. పదో తరగతి నామినల్ రోల్ నింపకముందే మీ పేరు, కులం, మతం ఎక్కడెక్కడ ఏమని రాసి ఉన్నాయో అమ్మానాన్నలను అడిగి తెలుసుకోండి. అర్థం కాకపోతే వార్డెన్ గారిని అడగండి, ఆపైన తహసీల్దారు ఆఫీసు ఉంది.