ఒకే తెర, పెక్కు పనులు

రేడియో ముల్లును విజయవాడ కేంద్రమునుండి హైదరాబాదు కేంద్రమునకు జరిపినంత మాత్రమున విజయవాడలో పాడుచున్న గాయకుడు నోరు మూసికొనడు. ఆయన పాట సాగుచునే యుండును. అది మన చెవికి రాకపోవుట మాత్రమే జరిగినది. గ్రామఫోను సంగతి అట్లు కాదు. ముల్లు ఎత్తితిమా, పాట అక్కడనే ఆగిపోవును. మరల దింపినచో ఆగిన చోటినుండి సాగును. రెండింటియందును మనము చేసినది ఒక్కటే, దృష్టి మరలించుట. ఫలితము మాత్రము వేరు.

కంప్యూటరుముందు కూర్చుండువారికి ఈ భేదము తెలిసియుండుట మిక్కిలి అవసరము. చేతిలోని పని విడిచి వేరొక పని చూచుచున్నప్పుడు, విడిచిన పని సాగుచున్నదా, ఆగినదా? ఈ ప్రశ్నను సామాన్య వినియోగదారుని యెదుట నిలిపిన తొలి ఏర్పాటులలో ఒకటి ఓఎస్/2 అను నిర్వహణ వ్యవస్థ. దాని మొదటి రూపము, అనగా 1.0, 1987 డిసెంబరులో వెలువడినది. యంత్రము మేల్కొనగానే తెరమీద కనబడు దాని జాబితాకు ప్రోగ్రామ్ సెలెక్టర్ అని పేరు. దానిని వాడుట యెట్లో, దానివెనుక జరుగునదేమో, దాని లోపము ఎందువలన కలిగినదో ఈ ప్రసంగమున వివరింప దలచితిమి.

ముందుగా అంతకు పూర్వపు స్థితి చూతము. ఐబీఎం సంస్థ 1981లో విడుదల చేసిన పర్సనల్ కంప్యూటరు డాస్ అను వ్యవస్థతో నడచినది. డాస్ ఒక వేళ ఒకే ప్రోగ్రాముకు యంత్రమును అప్పగించును. లెక్కల పని చేయుచున్న గుమాస్తా నడుమ ఒక ఉత్తరము వ్రాయవలసివచ్చినచో, లెక్కలను భద్రపరచి, ఆ ప్రోగ్రామును ముగించి, ఉత్తరముల ప్రోగ్రామును పిలిచి, అది ముగిసిన పిమ్మట మరల లెక్కలు తెరువవలెను. జ్ఞాపకమున ఒక మూల దాగియుండి, మీట నొక్కగానే పైకివచ్చు చిన్న ప్రోగ్రాములు కొన్ని ఈ బాధ తీర్చుటకై పుట్టినవి. 1984లో వచ్చిన సైడ్‌కిక్ అట్టిది. కాని ఇట్టివి రెండు మూడు చేరినచో ఒకదాని చోటు నొకటి ఆక్రమించి యంత్రమునే స్తంభింపజేయుటయు కలదు. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు గదా! వాటి నడుమ తగవు తీర్చు పెద్ద డాస్‌లో లేడు.

ఆ పెద్దరికమునకు తగిన సాధనము ఇంటెల్ సంస్థవారి 80286 అను ప్రాసెసరులో ఉండెను. 1982లో వచ్చిన ఈ ప్రాసెసరుకు రెండు అవస్థలు కలవు. మొదటిదానికి రియల్ మోడ్ అని పేరు. అందు అది పాత ప్రాసెసరువలెనే ప్రవర్తించును, ఏ ప్రోగ్రామైనను జ్ఞాపకమున ఎచ్చటనైనను వ్రాయగలదు. రెండవది ప్రొటెక్టెడ్ మోడ్. అందు 16 మెగాబైట్ల వరకు జ్ఞాపకమును వాడుకొనవచ్చును. అంతకంటె ముఖ్యముగా, ఒక ప్రోగ్రాము తన హద్దు దాటి మరియొకదాని చోటున కాలు పెట్టినచో ప్రాసెసరే దానిని పట్టుకొని నిర్వహణ వ్యవస్థకు అప్పగించును. తప్పు చేసినది మాత్రమే తొలగింపబడును. తక్కినవి క్షేమముగా సాగును. ఈ రెండవ అవస్థను ఆధారము చేసికొని ఐబీఎం, మైక్రోసాఫ్ట్ సంస్థలు 1985లో ఒడంబడిక చేసికొని కలిసి నిర్మించినదే ఓఎస్/2. దానిని 1987 ఏప్రిల్ 2న ప్రకటించిరి.

ఇక తెరను చూతము. 1.0లో బొమ్మలు లేవు, అక్షరములు మాత్రమే. ప్రోగ్రామ్ సెలెక్టర్ తెర రెండు భాగములు. ఎడమవైపు క్రొత్తగా ప్రారంభింపదగిన ప్రోగ్రాముల పేర్లు, కుడివైపు ఇప్పటికే నడచుచున్నవాటి పేర్లు. ఎడమ జాబితా వంటింటి అలమరలోని సరకుల వంటిది. కుడి జాబితా పొయ్యిమీద ఉన్న గిన్నెల వంటిది. బాణపు మీటలతో ఒక పేరు మీదికి పోయి ఎంటర్ మీట నొక్కవలెను. ఎడమవైపు పేరైనచో ఆ ప్రోగ్రాము క్రొత్తగా మొదలగును. కుడివైపు పేరైనచో అది యున్న స్థితిలోనే తెరకు వచ్చును. ఎడమనుండి ఒకే పేరును రెండుమారులు ఎన్నుకొన్నచో రెండు వేర్వేరు పనులు మొదలగును. నడచుచున్న దానిని చూడగోరి ఎడమ జాబితాలో వెదకువారు రెండవ గిన్నె పొయ్యి నెక్కించినవారగుదురు. ఈ సంగతి క్రొత్తవారు మొదటనే గ్రహింపవలెను.

ఏ పనిలో ఉన్నను కంట్రోల్ మీటను పట్టియుంచి ఎస్కేప్ మీట నొక్కినచో ఈ జాబితా తిరిగి వచ్చును. జాబితాతో నిమిత్తము లేకుండ ఒక పనినుండి మరియొక పనికి వరుసగా పోవుటకు ఆల్ట్ మీటతో ఎస్కేప్ నొక్కవలెను. ఈ రెండు జంటలు తెలిసినచో వాడుకలో చాలభాగము తెలిసినట్లే.

జాబితాను మన అవసరమునకు తగినట్లు మార్చుకొనవచ్చును. క్రొత్త పేరు చేర్చునప్పుడు తెరమీద కనబడవలసిన పేరేమి, ప్రోగ్రాము డిస్కులో ఏ చోట నున్నది, మొదలగునప్పుడు దానికి చెప్పవలసిన మాటలేవి అను మూడు సంగతులు తెలుపవలెను. డాస్‌లో ప్రోగ్రాము పేరును అక్షరదోషము లేకుండ కొట్టినగాని అది పలుకదు. ఇచ్చట తెలిసినవారొకరు ఒకమారు కూర్చి యుంచినచో, తక్కినవారు ‘జీతముల లెక్క’ అను పేరును చూచి ఎన్నుకొనిన చాలును. జాబితావలన కలుగు మేలు ఇదియే: గుర్తుంచుకొనవలసిన పనిని అది గుర్తుపట్టు పనిగా మార్చును.

తెరవెనుక జరుగునది ఏమి? ప్రాసెసరు ఒక్కటే. అది ఒక క్షణమున ఒకే పని చేయగలదు. నిర్వహణ వ్యవస్థ దాని కాలమును చిన్న చిన్న తునకలుగా కోసి పనులకు పంచును. ఈ పంపకమున అందరును సమానులు కారు. ఆలస్యము సహింపని పనులు ఒక తరగతి, సామాన్యమైనవి ఒక తరగతి, తీరిక దొరికినప్పుడు చేయదగినవి ఒక తరగతి. తెరమీద నున్న పనికి కొంత ఆదరము హెచ్చు. ఏలయన మనుష్యుడు దానియెదుట కాచుకొని యున్నాడు. సామాన్యమైన పని ఏదైనను మూడు సెకండ్లపాటు వంతు దొరకక పడియున్నచో దాని స్థాయిని కొంచెము పెంచుట అలవాటు. ఆ కాలమును కాన్ఫిగ్.సిస్ అను పత్రములో మాక్స్‌వెయిట్ అను పంక్తిద్వారా మార్చుకొనవచ్చును.

తెరయు కీబోర్డును మాత్రము పంచరాదు. రెండు పనుల అక్షరములు ఒకే తెరమీద కలసినచో ఏమి చదువగలము? అందుచేత ప్రతి పనికిని ఊహాత్మకమైన తెర ఒకటి ఏర్పరచిరి. కనబడని పని ఆ ఊహా తెరమీద వ్రాసికొనుచుండును. దానిని పిలిచినప్పుడు ఆ వ్రాత అంతయు నిజమైన తెరకు వచ్చును. మీటల నొక్కుడు మాత్రము కనబడుచున్న పనికే చెందును. ముద్రణకు వచ్చు కాగితములు కలగాపులగము కాకుండ స్పూలర్ అను సేవకుడు ఒక్కొక్క పని ఇచ్చిన ప్రతిని వేరుగా దాచి, వరుసగా ప్రింటరుకు పంపును. తెరతోను కీబోర్డుతోను నిమిత్తము లేని పనులను డిటాచ్ అను ఆజ్ఞతో నడుపవచ్చును. అట్టివి జాబితాలో కనబడవు. కాబట్టి కుడి జాబితా ఖాళీగా నున్నంత మాత్రమున యంత్రము తీరికగా నున్నదని అనుకొనరాదు.

ఇంతవరకు అంతయు రేడియో న్యాయమే. మనము చూడకున్నను పాట సాగుచుండును. గ్రామఫోను న్యాయము డాస్ ప్రోగ్రాముల విషయమున వచ్చినది. జనులు అప్పటికి కొని పెట్టుకొన్న ప్రోగ్రాములన్నియు డాస్‌వి. వాటిని విడనాడుమనిన ఎవరు వినెదరు? కావున ఓఎస్/2లో డాస్ కొరకు ఒక గది కట్టిరి. గది ఒక్కటే. అందు ఒక వేళ ఒక్క డాస్ ప్రోగ్రాము మాత్రమే నడచును. జాబితానుండి దానిని ఎన్నుకొన్నప్పుడు నడచును. దానిని విడిచి మరియొక పనికి పోగానే గడ్డకట్టినట్లు ఆగును.

ఈ భేదము తెరమీద కనబడదు. జాబితాలో అన్ని పేర్లును ఒకే వరుసలో, ఒకే అక్షరములతో నుండును. పెద్ద పట్టికను గణించు ఓఎస్/2 ప్రోగ్రామును వెనుకకు పంపి ఉత్తరము వ్రాసికొనినచో, తిరిగివచ్చునప్పటికి గణన ముగిసియుండును. డాస్ ప్రోగ్రామునకు అదే పని ఒప్పగించి వెనుకకు పంపినచో, గంట తరువాత చూచినను విడిచిన చోటనే యుండును. పాత ప్రోగ్రాముతో టెలిఫోను తీగమీద దూరపు కంప్యూటరునుండి సమాచారము గ్రహించుచున్నవారు నడుమ జాబితాకు పోయినచో నష్టము ఇంకను ఎక్కువ. అవతలివైపు యంత్రము పంపుచునే యుండును, ఇవతల అందుకొను చేయి ఆగియుండును. అట్టి పని జరుగునంతసేపు కంట్రోల్, ఎస్కేప్ మీటల జోలికి పోకుండుటయే రక్ష.

ఇంతకంటె లోతైన ప్రమాదము మరియొకటి కలదు. డాస్ గది నడచునది కాపలా లేని రియల్ మోడ్‌లో. అందలి ప్రోగ్రాము చెడుగా ప్రవర్తించినచో అది తానొక్కటియే పడిపోదు. ప్రక్కన క్షేమముగా నున్న పనులను కూడ తనతో ఈడ్చుకొని పోగలదు. పైగా 80286 ప్రొటెక్టెడ్ మోడ్‌లోనికి సులభముగా పోవును గాని, వెనుకకు వచ్చుటకు దానికి దారి యీయలేదు. ప్రాసెసరును తిరిగి మొదలుపెట్టుటయే గతి. ఓఎస్/2 నిర్మాతలు జ్ఞాపకములోని సంగతులు చెడకుండ ప్రాసెసరును మాత్రమే తిరిగి మేల్కొలుపు ఉపాయము పన్ని, డాస్ గదికి పోవు ప్రతిమారును ఆ పని చేయించిరి.

కాబట్టి ఆనాడు ఈ వ్యవస్థను కొన్న కార్యాలయమువారు ఒక నిర్ణయము చేయవలసివచ్చినది. డాస్ గది ఉంచినచో పాత ప్రోగ్రాములు దక్కును, భద్రత తగ్గును. కాన్ఫిగ్.సిస్ పత్రములో ప్రొటెక్ట్ఓన్లీ అను పంక్తికి ‘యస్’ అని వ్రాసినచో ఆ గది మూతపడును, దానికై కేటాయించిన జ్ఞాపకము తక్కిన పనులకు మిగులును. కాని ఓఎస్/2 కొరకే వ్రాసిన ప్రోగ్రాములు అప్పటికి కొద్ది. మంచి ఇల్లు కట్టి సామానుకు తగిన చోటు మరచినట్లయినది. ఆ డాస్ గదికి వాడుకరులు ఎగతాళిగా ‘పెనాల్టీ బాక్స్’, అనగా శిక్షపడిన ఆటగాడు కూర్చుండు చోటు, అని పేరు పెట్టిరి.

1985లోనే వచ్చిన 80386 ప్రాసెసరులో పెక్కు డాస్ గదులను ఒకదానికొకటి తగులకుండ కట్టు సౌకర్యము ఉండెను. ఓఎస్/2 మాత్రము 1984నాటి పీసీ ఏటీ వంటి 80286 యంత్రములకై నిర్మింపబడినది. ఉన్న యంత్రములవారిని విడువరాదను తలంపు తప్పనరాదు. కాని దాని మూల్యము పెద్దది. 1988లో 1.1తో బొమ్మల తెర వచ్చినది. 1990లో విండోస్ 3.0 జనాదరణ పొందినది, రెండు సంస్థల మైత్రి చెడినది. పెక్కు డాస్ గదులుగల ఓఎస్/2 2.0ను ఐబీఎం 1992లో తెచ్చినది గాని, అప్పటికి జనము వేరొక దారి పట్టిరి. ఐనను బ్యాంకుల నగదు యంత్రములలో ఓఎస్/2 చాలకాలము నమ్మకముగా పనిచేసినది. ఐబీఎం దానికి సాధారణ సహాయమును 2006 డిసెంబరు 31తో ముగించినది.

ఆ జాబితా పోయినను దాని అలవాట్లు పోలేదు. మీ యింటిలో విండోస్ కంప్యూటరున్నచో కంట్రోల్ మీటతో ఎస్కేప్ నొక్కి చూడుడు, ప్రారంభ జాబితా వచ్చును. ఆల్ట్ మీటతో ఎస్కేప్ నొక్కినచో తెరచియున్న పనులు వరుసగా వచ్చును. చేతి టెలిఫోనులో సైతము ఒక పనిని విడిచి మరియొకటి తెరచినప్పుడు, మొదటిది కొన్ని వేళల సాగును, కొన్ని వేళల ఆగును. పంపిన ఛాయాచిత్రము పోయినదో లేదో, చెల్లించిన సొమ్ము చేరినదో లేదో, తెరనుండి పేరు తొలగినంత మాత్రమున తెలియదు. అందుచేత ముఖ్యమైన పనిని వెనుకకు పంపుటకు ముందు అది వెనుక నడచునదో ఆగునదో ఒకమారు పరీక్షించి తెలిసికొనవలెను. యంత్రమును కట్టివేయుటకు ముందు తెరమీది పనిని మాత్రమే గాక, నడచుచున్నవాటి జాబితాను కూడ చూచి, భద్రపరచవలసినది భద్రపరచవలెను.