చోదకునికి మద్యపు హద్దు

ఈ సంచికకు ఈ విషయమును ఎన్నుకొన్నామని చెప్పగా మిత్రులు కొందరు నవ్విరి. “మద్యము ముట్టని వారికి, ఎంత త్రాగి బండి నడపవచ్చునను లెక్క దేనికి?” అని వారి ప్రశ్న. ప్రశ్న న్యాయమైనదే. కాని రహదారి అందరిది. రాత్రి తొమ్మిది గంటలకు ట్యూషను ముగించుకొని సైకిలుపై ఇల్లు చేరు విద్యార్థికి, ఎదురుగా వచ్చు కారు నడుపువాని రక్తములో ఏమున్నదో తెలియదు. ఆ విద్యార్థి తరఫున ఆ లెక్క చూడవలసినది చట్టమే.

చట్టము మద్యమును గ్లాసులతో కొలవదు. 100 మిల్లీలీటర్ల రక్తములో ఎన్ని మిల్లీగ్రాముల ఆల్కహాలు ఉన్నదో చూచును. మన మోటారు వాహనముల చట్టము (1988) 185వ సెక్షను ప్రకారము ఈ హద్దు 30. ఈ అంకె ఎంత చిన్నదో చూతము. 60 కిలోల బరువు గల పురుషుడు, నూటికి 5 వంతుల ఆల్కహాలు గల 650 మి.లీ. బీరు సీసా ఒకటి త్రాగినచో అతని శరీరమున సుమారు 25 గ్రాముల ఆల్కహాలు చేరును. రక్తములో అది 60 మిల్లీగ్రాముల వరకు తేలును. గంటకు తగ్గునది సుమారు 15 మాత్రమే. అనగా ఒక్క సీసాతోనే హద్దు రెండింతలైనది. అది దిగివచ్చుటకు రెండు గంటలు, పూర్తిగా పోవుటకు నాలుగు గంటలు పట్టును. స్త్రీలకును, బరువు తక్కువైన వారికిని అదే సీసాతో అంకె ఇంకను పెరుగును. మజ్జిగ, నిమ్మరసము, కాఫీ, చన్నీటి స్నానము – మన వారు నమ్మకముతో చెప్పు ఈ మందులేవియు ఆ గంటలను తగ్గింపజాలవు.

“కొంచెము త్రాగిన ఏమగును? చేయి వణకలేదు, మాట తడబడలేదు” అను వాదము పాతది. దానికి సమాధానము అమెరికాలోని గ్రాండ్ రాపిడ్స్ నగరమున దొరికినది. ఊపిరిని బట్టి రక్తములోని ఆల్కహాలును లెక్కించు యంత్రమును 1954లో రూపొందించిన రాబర్ట్ బోర్కెన్‌స్టైన్, 1962–63లో అచ్చట ప్రమాదములకు లోనైన చోదకులను, అట్టి తావులలోనే క్షేమముగా సాగిపోవు చోదకులను పరీక్షించి పోల్చెను. ఆల్కహాలు పెరిగిన కొలది ప్రమాదము ఒక్క తీరున పెరుగదు. మొదట మెల్లగా, 80 దాటిన పిదప నిట్టనిలువుగా పెరుగును. తరువాత అమెరికాలోనే జరిగిన మరొక పరిశోధనలో, త్రాగని వానితో పోల్చగా ప్రమాదపు అవకాశము 50 వద్ద సుమారు 1.4 రెట్లు, 80 వద్ద 2.7 రెట్లు, 100 వద్ద దాదాపు 5 రెట్లు అని తేలినది. చేయి వణకుటకు చాల ముందే, రెండు సంగతులను ఒకేసారి గమనించు శక్తి తగ్గును. తగ్గినదని గ్రహించు శక్తియు దానితోడనే తగ్గును. చిక్కంతయు ఇచ్చటనే గలదు.

కావుననే పలు దేశములు హద్దును దించుచు వచ్చినవి. స్వీడను 1990లో 20కి, నార్వే 2001లో 20కి, జపాను 2002లో 50 నుండి 30కి దించినవి. దించినంత మాత్రమున ఏమగునో తెలిసికొనుటకు బ్రిటను అనుభవము చూడదగినది.

బ్రిటనులో 1967లో 80 హద్దుగా చట్టము వచ్చినది. తెచ్చిన రవాణా మంత్రి బార్బరా కాజిల్‌కు కారు నడపుట రాదు; అందుకు ఆమెను ఎగతాళి చేసిన వారును ఉండిరి. మొదటి నెలలలో మరణములు స్పష్టముగా తగ్గినవి. కాని పోలీసులు పరీక్షించుట అరుదని జనులు గ్రహించిన కొలది ఆ ఫలితము కరగిపోయినదని, దీనిని పరిశీలించిన అమెరికను సామాజిక శాస్త్రజ్ఞుడు లారెన్స్ రాస్ చూపెను. దాదాపు అర్ధ శతాబ్దము తరువాత, 2014 డిసెంబరు 5న, స్కాట్లండు మాత్రము తన హద్దును 50కి దించినది. ఇంగ్లండు, వేల్సు అప్పుడు 80 వద్దనే నిలిచినవి. ఒకే ద్వీపమున రెండు హద్దులు! పరిశోధకులకు ఇంతకు మించిన అవకాశము దొరకదు. గ్లాస్గో విశ్వవిద్యాలయము వారు రెండు వైపుల ప్రమాదములను పోల్చి చూడగా, స్కాట్లండులో ప్రత్యేకముగా తగ్గినదేమియు కానరాలేదు. హద్దుతో పాటు తనిఖీలు పెరుగకపోవుట ఇందుకు కారణమై ఉండవచ్చునని వారు తలచిరి.

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ 1980లో హద్దును 80 నుండి 50కి దించినది. కాని జనుల అలవాటు మారినది 1982 డిసెంబరు నుండి. అప్పటి నుండి పోలీసులు అనుమానముతో పనిలేకుండ, దారిన పోవు ఎవ్వరినైనను ఆపి ఊదుమనసాగిరి. మరణములు ఒక్కసారిగా పడిపోయినవి. బ్రిటను పోలీసులకు అట్టి అధికారము లేదు. పరీక్షకు త్రాగినట్లు అనుమానమో, నియమోల్లంఘనమో, ప్రమాదమో ముందుండవలెను.

దీనిని బట్టి హద్దు తగ్గించుట వ్యర్థమనుట మా అభిప్రాయము కాదు. హద్దు 80 అయినచో “రెండు త్రాగవచ్చునా, మూడా?” అను లెక్కకు చోటున్నది. 30 వద్ద ఆ లెక్కకు తావే లేదు. త్రాగినవాడు తాళము ఇతరుల చేతికి ఇయ్యవలసినదే. అయినను ఆ అంకెకు బలము, ఊదుమని అడుగు పోలీసు ఎదురగునను భయము వలననే వచ్చును. మన చట్టములో 2019 సవరణ మొదటి తప్పునకు 6 నెలల వరకు ఖైదు, లేక 10,000 రూపాయల జరిమానా, లేక రెండును విధించినది. శిక్ష చిన్నది కాదు.

హైదరాబాదులో వారాంతపు రాత్రులందు జరుగు డ్రంకెన్ డ్రైవ్ తనిఖీలను మనమందరము ఎరుగుదుము. తనిఖీ ఏ కూడలిలో నున్నదో పది నిమిషములలో సెల్‌ఫోనులకు కబురు చేరుటయు ఎరుగుదుము. ఆ కబురు పంపువారు మా తరగతిలోనే గలరు. వారు త్రాగువారు కారు. మిత్రునికి సాయము చేయుచున్నామనుకొనువారు. కబురు అందిన మిత్రుడు బండి దిగడు, పెద్ద వీధి విడిచి సందులోనికి మలుపును. ట్యూషను నుండి వచ్చు సైకిళ్ళు నడచునది ఆ సందులోనే.