మంచం దిగిన మొదటి అడుగు

తెల్లవారుజామున నాలుగు గంటలకు అలారం మోగుతుంది. దాని నోరు నొక్కి, లేచి కూర్చుని, ఎడమకాలు మెల్లిగా నేలమీద ఆనిస్తాను. బరువు మోపి ఒక్క అడుగు వేస్తాను. ఆ రోజు నేను పరుగెత్తవచ్చునో కూడదో చెప్పేది ఆ అడుగే. అందుకోసం పంచాంగం చూడను, డాక్టరుగారిని నిద్రలేపను.

అప్పటికే మేలుకొని వరండాలో పడకకుర్చీలో కూర్చున్న మా అత్తగారు లోపలికి కేకవేస్తారు.

"ఏమే అమ్మాయ్, ఇవాళ ఎన్ని మార్కులు?"

"రెండు, అత్తయ్యా!"

"నూటికా?"

"పదికి."

"అయితే వెళ్ళిరా. ఆ కుక్కల వీధిలోంచి మాత్రం పోకు."

ఇదీ మా ఇంటి సుప్రభాతం. నేను హైస్కూల్లో లెక్కల టీచరును. ఇరవై రెండేళ్ళుగా పిల్లలకు మార్కులు వేస్తున్నాను గాని, నా మడమకు వేయడం ఈ మూడేళ్ళుగానే. తరగతిలో ఎక్కువ మార్కులు వస్తే సంతోషం. ఇక్కడ సున్నా వస్తే పండుగ, పది వస్తే మంచమే. ఏ రోజు మార్కులు ఆ రోజే ఒక రెండువందల పేజీల నోటుపుస్తకంలో రాసి పెడతాను. అది ఇప్పుడు రెండో పుస్తకం.

ఎవరు తరుముతున్నారమ్మా?

అసలీ గొడవ 2017లో మొదలైంది. ముప్ఫై తొమ్మిదేళ్ళు నిండగానే రక్తంలో చక్కెర హద్దు మీదికి వచ్చిందన్నారు డాక్టరుగారు. మాత్రలు రాయడానికి ముందు మూడు నెలలు నడిచి చూడమన్నారు. మా వారు ఊరికే సంతకం పెట్టినంత తేలికగా "నడువు" అన్నారు. ఆయన మాత్రం నడవలేదు.

విశాఖపట్నం బీచిరోడ్డులో జలాంతర్గామి మ్యూజియం దగ్గర మొదలుపెట్టి నడిచేదాన్ని. స్కూలుకు వేళ మించిపోతోందని ఒకరోజు చివరి అరకిలోమీటరు పరుగెత్తాను. ఎదురుగా వస్తున్న పెద్దాయన ఆగి, నా వెనక్కు తొంగిచూసి, "ఎవరు తరుముతున్నారమ్మా?" అని కంగారుగా అడిగారు. ఎవరూ తరమడంలేదని ఆయనకు నచ్చచెప్పేసరికి స్కూలు గంట కొట్టనేకొట్టారు. అయితే ఆ అరకిలోమీటరులో నాకేదో రుచి తగిలింది. పిల్లల పరీక్షలు, పాలవాడి లెక్కలు, ఆడపడుచు ఫోన్లు, ఏవీ గుర్తులేని నాలుగు నిమిషాలవి.

నాలుగు నిమిషాలు నలభై అయ్యాయి. చక్కెర దిగింది గాని పరుగు ఆగలేదు. 2022 ఆగస్టులో హైదరాబాదు మారథాన్‌లో ఫ్లైఓవర్లన్నీ ఎక్కి దిగుతూ 42 కిలోమీటర్లు నాలుగు గంటల ముప్ఫై ఎనిమిది నిమిషాల్లో ముగించాను. మెడలో పతకం వేసుకొని ఇంటికి వస్తే, మా అత్తగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇత్తడేనా?" అన్నారు.

తొంభై కిలోమీటర్లు, పన్నెండు గంటలు

మారథాన్ దూరానికి మించినదేదైనా అల్ట్రా మారథాన్ అంటారు. అందులో పెద్ద పేరున్నది దక్షిణాఫ్రికాలోని కామ్రేడ్స్ పందెం. డర్బన్ రేవుకూ పీటర్మారిట్జ్‌బర్గ్ పట్టణానికీ నడుమ సుమారు తొంభై కిలోమీటర్లు. ఎక్కువగా ఒక ఏడు సముద్రం నుంచి ఎగువకు, మరుసటి ఏడు ఎగువ నుంచి సముద్రానికి పరుగెత్తిస్తారు. దారిలో పేరుమోసిన కొండలు ఐదు.

మొదటి ప్రపంచయుద్ధంలో పోరాడి వచ్చిన విక్ క్లాఫామ్ అనే రైలు డ్రైవరు, చనిపోయిన తన సహచరుల జ్ఞాపకార్థం ఈ పందెం పెట్టాలని పట్టుబట్టాడు. మాజీ సైనికుల సంఘంవారు పిచ్చిపని అని చాలాకాలం కాదన్నారు. చివరకు ఒప్పుకొని, ఖర్చులకు ఒక్క పౌను, అదీ తిరిగి ఇచ్చే షరతుమీద ఇచ్చారు. 1921 మే 24న 34 మంది బయలుదేరితే 16 మంది చేరారు.

ఆ రోజుల్లో ఆడవాళ్ళకు ప్రవేశం లేదు. 1923లో ఫ్రాన్సిస్ హేవర్డ్ అనే ఆవిడ దరఖాస్తు పెడితే తోసిపుచ్చారు. ఆవిడ పెట్టె సర్దుకొని ఇంటికి పోలేదు. అనధికారంగానే పరుగెత్తి 11 గంటల 35 నిమిషాల్లో చేరింది. పతకం ఇవ్వలేదు. తోటి పరుగుగాళ్ళూ చూడవచ్చినవాళ్ళూ కలిసి ఆవిడకు ఒక వెండి టీ సెట్టు, గులాబీలు పెట్టుకొనే పాత్ర బహూకరించారు. ఆడవాళ్ళను అధికారికంగా పరుగెత్తనిచ్చింది 1975లో మాత్రమే. ఇది చదివి వినిపిస్తే, మా అత్తగారు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "వెండిదే ఇచ్చారా? మర్యాద తెలిసినవాళ్ళే," అన్నారు.

ఆ ఊళ్ళు మనకు కొత్తవి కావు. 1893 జూన్ 7 రాత్రి గాంధీగారిని మొదటి తరగతి పెట్టెలోంచి దింపేసిన స్టేషను ఆ పీటర్మారిట్జ్‌బర్గుదే. 1860 నవంబరులో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ కూలీలతో డర్బన్ చేరింది మొదలు, మన విశాఖ ప్రాంతం నుంచి కూడా ఎందరో తెలుగువాళ్ళు ఆ చెరకు తోటలకు వెళ్ళారు. 1931లో వాళ్ళ బిడ్డలు అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకొన్నారు. మన ఊరి కాళ్ళు ఆ మట్టిమీద ఎప్పుడో తిరిగాయి. నావి కూడా ఒకసారి తిరగాలని నాకు పట్టుదల కలిగింది.

ఈ పందెంలో దయలేని ఘట్టం ఆఖరుది. సరిగ్గా పన్నెండు గంటలు కాగానే, వచ్చేవాళ్ళకు వీపు చూపించి నిలబడ్డ పెద్దమనిషి తుపాకి పేలుస్తాడు. ఒక్క క్షణం ఆలస్యమైనా పతకం లేదు. లెక్క తేలికే: 720 నిమిషాలు, తొంభై కిలోమీటర్లు, కిలోమీటరుకు ఎనిమిది నిమిషాలు. నల్లబల్లమీద అది తేలికే.

దుర్యోధనుడి తొడ, నా మడమ

2022 అక్టోబరులో కైలాసగిరి రోడ్డు ఎక్కుతుండగా ఎడమ మడమ వెనుక ఏదో పట్టేసింది. పిక్కను మడమ ఎముకతో కలిపే మోకులాంటి బంధం ఒకటి ఉంది. దానికి అకిలీస్ టెండన్ అని పేరు. గాంధారి చూపు పడని తొడ దుర్యోధనుడికెలాగో, గ్రీకుల వీరుడు అకిలీసుకు మడమ అలాగట. పేరు వీరుడిది గాని, నొప్పి మాత్రం నా బోటి లెక్కల పంతులమ్మలకూ వస్తుంది.

ఈ నొప్పి ఉత్త మాయలమారిది. పొద్దున్న మంచం దిగితే సూదిలా పొడుస్తుంది. పరుగు మొదలుపెట్టిన పది నిమిషాలకు ఒళ్ళు వేడెక్కి మాయమౌతుంది. "పోయింది కదా!" అని మనం ఇంకో నాలుగు కిలోమీటర్లు కలుపుతాం. మర్నాడు పొద్దున్న వడ్డీతో సహా వసూలు చేస్తుంది.

మొదట చూసిన డాక్టరుగారు పూర్తి విశ్రాంతి అన్నారు. మూడు వారాలు కదలకుండా కూర్చున్నాను. నొప్పి పోయింది. నాలుగో వారం పాత దూరమే పరుగెత్తాను. తిరిగి వచ్చింది. మళ్ళీ విశ్రాంతి, మళ్ళీ పరుగు, మళ్ళీ నొప్పి. ఏడాదిలో ఇలా మూడు ఆవృత్తాలు.

మూడోదానికి ఖరీదు ఎక్కువ. 2024 పందానికి రుసుము కట్టాను. గాజులకని వేసిన చీటీ పాడి విమానం టిక్కెట్టు కొన్నాను. ఏప్రిల్‌లో ఒక ఆదివారం మడమ నాలుగు మార్కులు చూపిస్తున్నా లెక్కచేయక సింహాచలం ఘాట్ రోడ్డు రెండుసార్లు ఎక్కి దిగాను. మరునాడు మంచం దిగి గోడ పట్టుకొని వంటింట్లోకి వెళ్ళవలసివచ్చింది. తొమ్మిది మార్కులు. ప్రయాణం మానుకొన్నాను. టిక్కెట్టు డబ్బులో సగంకంటె తక్కువ తిరిగివచ్చింది. మా వారు ఒక్కమాట అనలేదు. అని ఉంటే బాగుండును. ఆ వారమంతా కాఫీ గ్లాసు నా చేతిలో పెట్టి, నా బోసి ముంజేతివైపు చూడకుండా వెళ్ళిపోయేవారు.

నూట ఎనిమిది, ఆపైన డెబ్బై రెండు

అప్పుడు ఒక ఫిజియోథెరపిస్టు అమ్మాయి నాకు అసలు సంగతి చెప్పింది. ఈ బంధానికి రక్తప్రసారం తక్కువ, కనుక నెమ్మదిగా కోలుకొంటుంది. ఊరికే కూర్చుంటే నొప్పి పోతుంది గాని బలం రాదు. కొద్దికొద్దిగా బరువు మోయిస్తేనే బలం వస్తుంది. నొప్పి పోవడం వేరు, బలం రావడం వేరు. మూడుసార్లు నేను మోసపోయింది ఆ రెంటినీ ఒకటనుకోబట్టే.

ఆ అమ్మాయి నేర్పిన వ్యాయామానికి ఒక కథ ఉంది. స్వీడనులో హోకన్ ఆల్ఫ్రెడ్‌సన్ అనే ఎముకల డాక్టరుకు ఇదే జబ్బు. శస్త్రచికిత్స చేయమంటే పై అధికారి చేయనన్నాడు. పూర్తిగా తెగితేనైనా చేయక తప్పదు కదా అని, ఆయన రోజూ మెట్టుమీద నిలబడి మడమను కిందికి దించుతూ దానిమీద బరువు వేశాడట. తెగలేదు సరికదా, నయమైపోయింది! 1998లో పదిహేను మంది పరుగుగాళ్ళచేత పన్నెండు వారాలు అదే చేయించి ఫలితం ప్రకటించాడు. అందరూ తిరిగి పరుగెత్తారు.

మోకాలు చాపి పదిహేనేసి మూడుసార్లు, మోకాలు వంచి పదిహేనేసి మూడుసార్లు, పూటకు తొంభై, రెండు పూటలా నూట ఎనభై. మా పెరటి మెట్టుమీద మొదలుపెట్టాను. మా అత్తగారు తులసిమాల పట్టుకొని లెక్కపెట్టేవారు. "మాల అయిపోయిందే, ఇంకెన్ని?" "ఇంకా డెబ్బై రెండు." "రామ రామ! భగవంతుడికి చాలినవి నీ మడమకు చాలవా?" అంటూ మళ్ళీ మొదటి పూసకు వచ్చేవారు. ఒకనాడు వారం మధ్యలోనే నొప్పి తగ్గిందని నేను బూట్లు తీస్తుంటే ఆవిడే ఆపారు. "ఆవకాయ మూడోనాడు కలిపినంత మాత్రాన ఊరినట్టా? జాడీ మూసి పెట్టు."

నోటుపుస్తకం అప్పుడు మొదలైందే. దానికి మూడు సూత్రాలు. పరుగులో నొప్పి ఐదు మార్కులు దాటకూడదు. మరునాటి పొద్దుటికి మామూలుకు రావాలి. వారంవారానికీ పెరుగుతూ పోకూడదు. ఈ మూడూ నిలిస్తే దూరం కాస్త పెంచవచ్చు. ఒక్కటి తప్పినా తగ్గించాలి. నొప్పి మాత్ర వేసుకొని పరుగెత్తేవాళ్ళను చూశాను. ఆ జోలికి పోవద్దని డాక్టరుగారు గట్టిగా చెప్పారు. గంటల తరబడి చెమట కారిన ఒంట్లో ఆ మాత్రలు మూత్రపిండాలకు చేటు. పైగా మార్కులు దిద్దే మనిషి కళ్ళకు గంతలు కట్టినట్టు.

కొండ చుట్టూ

కొండలు ఎక్కలేనేమోనన్న బెంగ కూడా అత్తగారే తీర్చారు. ఆవిడ డెబ్బయ్యో ఏడు వచ్చేదాకా ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ మానలేదు. తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి, ఉత్త కాళ్ళతో 32 కిలోమీటర్లు. "అంతమందిలో పరుగెత్తేవాళ్ళను ఒక్కరిని చూపించు. నడుస్తారు, కూర్చుంటారు, మజ్జిగ తాగుతారు, లేస్తారు. అందుకే చేరతారు," అన్నారు.

తీరా విచారిస్తే, ఆ పందెంలో వెనుక వరుసల్లో ఉండేవాళ్ళు చాలామంది చేసేదీ అదే. ఎత్తు వస్తే నడుస్తారు, చదును వస్తే పరుగెత్తుతారు. 1989లో వాలీ హేవర్డ్ అనే పాత విజేత ఎనభయ్యేళ్ళ వయసులో ఆ పందెం పూర్తిచేశాడు. అప్పటి గడువు పదకొండు గంటలు. అందులో రెండు నిమిషాలైనా మిగలకుండా చేరాడు. చేరాడు, అంతే చాలు. 2025 అంతా నేను ఎత్తుల్లో నడక సాధన చేశాను. నడవడానికి సిగ్గుపడడం మానుకోవడానికే ఆరు నెలలు పట్టింది.

భీమిలి బస్సు

కిందటి నెల రానుపోను ఏభై కిలోమీటర్లని బీచిరోడ్డున భీమిలి బయలుదేరాను. భీమిలిలో తాటిముంజలు తిని వెనుదిరిగాను. ముప్ఫై కిలోమీటర్లకు రెండు మార్కులు. ముప్ఫై మూడుకు నాలుగు. ఋషికొండ ఇంకా రాకుండానే, ముప్ఫై ఆరో కిలోమీటరు దగ్గర ఐదు. ఊపిరి నిండుగా ఉంది. కాళ్ళలో బలం ఉంది. ఇంకా పద్నాలుగే. పాత నేనైతే పళ్ళు బిగించి పోయేదాన్ని, ఇంటికి చేరి వీరగాథ చెప్పేదాన్ని.

రోడ్డు పక్కన నిలబడ్డాను. కళ్ళలో నీళ్ళు తిరిగిన మాట నిజం. భీమిలి నుంచి వస్తున్న బస్సుకు చెయ్యెత్తాను. కండక్టరు నా బూట్లూ చెమటా చూసి, "ఏమ్మా, ఓడిపోయారా?" అన్నాడు నవ్వుతూ.

"ఇంకా మొదలే కాలేదు నాయనా, టిక్కెట్టియ్యి," అన్నాను.

మరునాడు మొదటి అడుగుకు నాలుగు మార్కులు. ఆ మరునాడు మూడు. మూడోనాడు రెండు. మూడు రోజులతో పోయింది. 2024 ఏప్రిల్‌లో ఆ బస్సు ఎక్కడమే నాకు చేతకాలేదు.

ఈమధ్య మా వారు విమానం టిక్కెట్టు కాగితం తెచ్చి బల్లమీద పెట్టారు. చూస్తే నేను అనుకొన్నదానికన్న ధర ఎక్కువ. ఎందుకని అడిగాను. "ఇది రద్దుచేస్తే డబ్బు పూర్తిగా తిరిగి ఇస్తారట. అవసరమైతే మానుకోవడానికి నీకు బెంగ ఉండకూడదని," అన్నారు, పేపరులోంచి తల ఎత్తకుండా.

తుపాకి పేలేలోగా చేరగలనో లేదో నాకు తెలియదు. ఆ గీత దగ్గర బయలుదేరగలనో లేదో కూడా ప్రయాణంనాటి పొద్దున్నగాని తెలియదు. ఇవాళ్టికి మాత్రం పుస్తకంలో 'ఒకటి' అని రాసి, బూట్లు కట్టుకొన్నాను. అత్తగారు వరండాలోంచి కుక్కల వీధి సంగతి మళ్ళీ గుర్తుచేశారు.