కుళాయి గొట్టం ఎప్పుడు మార్చాలి?

విరేచనాలో, టైఫాయిడో, కామెర్లో తగ్గి మీ వారిని ఇంటికి తీసుకువెళ్తున్నారా? ముందు కుళాయి గొట్టం చూడండి. పొద్దున్నే నీళ్ళు ఎర్రగా వస్తే ఇనుప గొట్టం లోపల తుప్పు పట్టిందన్నమాట. తుప్పు కంటే చిల్లు ప్రమాదం. నీళ్ళు వచ్చేటప్పుడు అందులోంచి బయటికి కారతాయి. సరఫరా ఆగాక అదే చిల్లు పక్కనున్న మురుగును లోపలికి పీల్చుకుంటుంది. అందుకే మొదటి బిందె వాసన వేస్తుంది. పక్కింట్లోనూ అలాగే వస్తుంటే లోపం వీధి గొట్టంలో ఉండవచ్చు, మున్సిపాలిటీకి చెప్పండి. మీ ఒక్క ఇంట్లోనే అయితే సైకిల్ ట్యూబు చుట్టి సరిపెట్టకండి (మన వీధుల్లో అందరూ చేసే వైద్యం ఇదే!). మురుగు కాలువకు దూరంగా కొత్త గొట్టం వేయించండి. అంతవరకు నీళ్ళు తేటగా కనిపించినా బాగా మరగకాచి, చల్లార్చి తాగండి. ఇంట్లో గర్భిణి ఉంటే అసలు ఆలస్యం చేయవద్దు. కలుషిత నీటితో వచ్చే హెపటైటిస్-ఇ కామెర్లు ఆమె ప్రాణానికే ముప్పు.